ముందు పరీక్ష, పిదప ప్రోగ్రాము

లెక్కల పుస్తకము చివరి పుటలలో జవాబు లుండును. విద్యార్థి లెక్క చేసి, జవాబు చూచి, సరిపడకున్న మరల చేయును. కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయునపుడు అట్టి జవాబుల పుటను ఎవరిత్తురు? మనమే వ్రాసికొనవలెను, అదియు ప్రోగ్రామునకు ముందే. అమెరికా దేశపు ప్రోగ్రామరు కెంట్ బెక్ 2002లో వెలువడిన గ్రంథమున ఈ పద్ధతిని విశదీకరించెను.

ఉదాహరణకు 'జీవక్రీడ'ను తీసికొందము. కేంబ్రిడ్జి గణితజ్ఞుడు జాన్ కాన్వే కల్పించిన ఈ ఆటను 1970 అక్టోబరు 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ లోకమునకు పరిచయము చేసెను. దీనికి ఆటగాండ్రక్కరలేదు, గళ్ళ కాగితము చాలును. ప్రతి గడికి చుట్టును ఎనిమిది పొరుగు గళ్ళుండును. సజీవమైన గడికి రెండు గాని మూడు గాని సజీవమైన పొరుగు గళ్ళున్నచో అది మరుసటి తరమున బ్రదుకును, లేనిచో చచ్చును. మృతగడికి సరిగా మూడున్నచో అది పుట్టును. గళ్ళన్నియు ఒకేసారి మారవలెను. ఈ చివరి మాటయందే చిక్కున్నది.

మా తరగతిలో ఒక విద్యార్థి దీనికి ప్రోగ్రాము వ్రాసి, తరువాత పరీక్షగా నాలుగు సజీవ గళ్ళ చతురస్రము నిచ్చెను. నియమముల ప్రకారము అది ఎన్ని తరములకైనను మారదు. తెరపైనను మారలేదు. నేను తృప్తిపడి పూర్తి మార్కులిచ్చితిని. కాని ఏ పనియు చేయని ప్రోగ్రాము కూడ ఆ పరీక్షలో నెగ్గును గదా!

కావున మూడు సజీవ గళ్ళ అడ్డువరుసను తీసికొని ముందు కాగితముపై లెక్కించుడు. కొనలనున్న రెండింటికి ఒక్కొక్క పొరుగే గనుక అవి చచ్చును. నడిమిది నిలుచును. దానికి పైన ఒకటి, క్రింద ఒకటి పుట్టును. అడ్డువరుస నిలువువరుస యగును. ఈ జవాబును పరీక్షగా వ్రాసి, ఇంకను ఏమియు చేయని ప్రోగ్రాముపై నడుపుడు. అది ఓడవలెను. ఒకసారియైన ఓడుట చూడని పరీక్షను నేనిప్పుడు నమ్మను. పిదప, పరీక్ష నెగ్గుటకు చాలినంత మాత్రమే ప్రోగ్రాము వ్రాయవలెను.

ఆ విద్యార్థి ప్రోగ్రామునకు ఈ అడ్డువరుసనిచ్చి చూచితిమి. అది పైనుండి క్రిందికి, ఎడమనుండి కుడికి ఒక్కొక్క గడిని చూచి అక్కడికక్కడే మార్చుచుండెను. పైవరుసలో నడిమి గడి న్యాయముగనే పుట్టెను. దాని కుడిప్రక్క గడికి నిజమునకు రెండే సజీవ పొరుగులు. అప్పుడే పుట్టిన దానిని కూడ లెక్కించుటచే మూడైనవి. పుట్టరానిది పుట్టెను! పాత తరమును చెరపక, క్రొత్త తరమును వేరొక పట్టికలో వ్రాయగానే పరీక్ష నెగ్గెను. (ఇచ్చిన మార్కులను తగ్గింపలేదు, అశ్రద్ధ నాది.) చతురస్రపు పరీక్షనును పారవేయలేదు. ప్రోగ్రామును సవరించిన ప్రతిసారి రెండు పరీక్షలను కంప్యూటరే క్షణములో నడిపి చూచును.

పరీక్ష వ్రాయబూనినపుడు ఇంకొక ప్రశ్న ఎదురగును. కాన్వే ఆటలో గళ్ళకు అంతులేదు. మన తెరకు అంచులు గలవు. 'గ్లైడరు' అను ఐదుగళ్ళ ఆకృతి నాలుగు తరములకొకసారి ఏటవాలుగా ఒక గడి జరుగును. అంచు చేరిన పిదప అది ఆవలి అంచునుండి తిరిగి ప్రవేశించవలెనా, లేక అంచు దాటిన గళ్ళన్నియు మృతములని యెంచవలెనా? దీనికి జవాబు కంప్యూటరు వద్ద లేదు. తరగతిలో రెండు జట్లుగా ఏర్పడి, ఏ జట్టు నిర్ణయమునకు తగిన పరీక్షను ఆ జట్టు గళ్ళ కాగితముపై వ్రాసి తెచ్చుడు.