జాతి అంటే ఏ జాతి?

2017 ఫిబ్రవరి 22న అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రం ఓలేతలో, హైదరాబాదు నుంచి వెళ్లిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. మన పత్రికలు 'జాత్యహంకారం' అని రాశాయి. సరైన మాటే. మాదాపూర్ ఆఫీసుల్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. అంతకు ఏడాది ముందు, 2016 జనవరి 17న, అదే ఐటీ కారిడార్‌లో ఉన్న గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. అప్పుడు 'ఇతనిది అసలు ఏ కులం?' అని ఏళ్లతరబడి కూపీ లాగారు. రెండు చావులకీ పోటీ పెట్టడం మా ఉద్దేశం కాదు. ఒక మాట ఎంతదూరం పోతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూస్తున్నాం.

తెలుగులో జాతికి అర్థాలు చాలా. జాతీయ జెండాలో అది దేశం. జాత్యహంకారంలో ఇంగ్లీషువాడి రేస్. ఊళ్లో మన తాతని 'తక్కువ జాతోడు' అన్నప్పుడు కులం. జనం నోట్లో పాతుకుపోయిన ఈ అర్థాన్ని, 'జాతి వివక్ష' అని అనువాదం చేసుకున్న పెద్దలు గడప బయటే ఉంచారు.

అలాగని కులమే రేస్ అని మేం అనం. పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే రేస్ వాళ్లని అంబేడ్కర్ 1936లోనే తేల్చారు. కానీ 1965 నాటి ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష ఒప్పందంలో రేస్, రంగుతోపాటు 'వంశపుట్టుక' కూడా ఉంది. ఆ మాట పెట్టించింది భారతదేశమే! తీరా 2001లో డర్బన్ సదస్సుకి దళితులు కులాన్ని తీసుకెళ్తే, కులం రేస్ కాదని అడ్డుపడిందీ మన ప్రభుత్వమే. వంశపుట్టుకలో కులమూ వస్తుందని 2002లో ఆ ఒప్పందం కమిటీ చెప్పేసింది.

హైటెక్ సిటీలో కులం పేరెత్తరు. 'మనోడేనా?' అంటారు. ఇంటిపేరు అడుగుతారు. అద్దెకి వెళ్తే ఏం తింటారని అడుగుతారు. తెల్లవాడు 'మీ దేశం పో' అంటే చటుక్కున పట్టుకునే చెవులకి ఇదేదీ వినపడదు.

అమెరికాలో వినపడింది. 2020లో ఒక దళిత ఇంజనీరు ఫిర్యాదు మీద కాలిఫోర్నియా రాష్ట్రం సిస్కోపై దావా వేసింది (కంపెనీ ఆరోపణల్ని ఖండించింది). అదే ఏడాది ఆపిల్ తన ఉద్యోగుల నియమావళిలో కులాన్ని చేర్చుకుంది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం వివక్ష నిషేధ చట్టంలోనే చేర్చింది.

ఐటీలో పనిచేస్తున్న మన పిల్లలు తమ కంపెనీ నియమావళి ఒకసారి తీసి చూడాలి. 'రేస్' పక్కన 'కాస్ట్' ఉందా? లేకపోతే పదిమంది సంతకాలతో హెచ్చార్‌ని రాతపూర్వకంగా అడగాలి.