సీజన్ తగ్గాక తొట్లకొండ ఎక్కితే..

‘కింది వాటిలో విశాఖ జిల్లాలో లేని బౌద్ధ క్షేత్రం ఏది? తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ, శాలిహుండం.’

గ్రూప్స్‌కి చదివేవాళ్లకు ఇలాంటి బిట్లు కొత్త కాదు. పాత మెటీరియల్‌ ప్రకారం జవాబు శాలిహుండం ఒక్కటే. అది శ్రీకాకుళం జిల్లాది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక బొజ్జన్నకొండ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అంటే ఇప్పుడు జవాబులు రెండు! ఈ నాలుగు పేర్లూ పరీక్ష హాల్లో కలగాపులగం అయిపోతాయని అభ్యర్థులు చాలామంది అంటుంటారు. ఒక్కసారి కొండెక్కి చూస్తే ఆ తికమక ఉండదు. అయితే ఎప్పుడు ఎక్కుతామన్నదే ముఖ్యం.

ఫిబ్రవరి ఆఖర్లో ఓ మంగళవారం, ద్వారకానగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లతో కలిసి తొట్లకొండ వెళ్లాను. ఒకరికి ఇది మూడో ప్రయత్నం. ‘ఒక రోజు పోతుందేమో సార్. ఇంట్లో తెలిస్తే చదువు మానేసి తిరుగుతున్నాడంటారు’ అని బస్సెక్కేదాకా నసుగుతూనే ఉన్నాడు. ఉద్యోగం లేనివాడు బయటికి కదిలితే చాలు, లోకం అదోలా చూస్తుంది. అతని భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అందుకే ముందే మాట అనుకున్నాం. మధ్యాహ్నం రెండింటికల్లా మళ్లీ రీడింగ్ రూమ్‌లో ఉండాలి.

ఫిబ్రవరే ఎందుకు?

విశాఖలో కార్తీకమాసం పిక్నిక్‌లతో మొదలైన సందడి సంక్రాంతి సెలవుల దాకా సాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కొండ మీద రాయి కాలుతుంది, నీడ తక్కువ. వానాకాలంలో మెట్లూ బండలూ జారతాయి. రద్దీకీ ఎండకీ మధ్య దొరికే ఆ నాలుగైదు వారాలను టూరిజం వాళ్లు షోల్డర్ సీజన్ అంటారు. మనకు ఫిబ్రవరి మొదటి వారం నుంచి మార్చి సగం దాకా అనుకోవచ్చు.

ఇలాంటి విరామమే వానలు తగ్గుతున్నప్పుడు, అక్టోబరులో కూడా ఒకటి వస్తుంది. కొండ పచ్చగా ఉంటుంది, తొట్లలో నీళ్లుంటాయి. చూడ్డానికి నా ఓటు దానికే. కానీ మన తీరంలో అక్టోబరును నమ్మలేం. 2014లో హుద్‌హుద్ విరుచుకుపడింది అక్టోబరు 12నే. 2019 అక్టోబరు వానలకు తొట్లకొండ మహాస్తూపంలో కొంత భాగం కూలింది, తర్వాత బాగుచేశారు. వెళ్లాలనుకుంటే వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకునే బయల్దేరండి.

తొట్లు చెప్పే పాఠం

భీమిలి బీచ్ రోడ్డులో మంగమారిపేట దగ్గర ఉంటుంది ఈ కొండ. ఘాట్ రోడ్డు వెంట నడిచే ఎక్కాం. పైన ఇటుక, రాతి పునాదులు, స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువుల గదులు. వాటి వెనక నీలంగా సముద్రం. నౌకాదళ స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు కంటపడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది.

మావాళ్లు ముందు ఫొటోలు తీసుకున్నారు. అక్కడ కాపలా ఉన్న పెద్దాయన పలకరించాడు. ‘బండలో ఆ గుంటలు సూసేరా బాబూ? అయ్యే తొట్లు. అందుకే ఈ పేరు.’ కొండ మీద నది లేదు, చెరువు లేదు. బండను తొలిచి నీళ్లు నిల్వ చేసుకున్నారు. వానాకాలంలో ఊళ్లు తిరగకుండా ఒకేచోట ఉండాలన్నది భిక్షువుల నియమం. అంతమందికి తిండి, నీరు కావాలి కదా. వంటశాల, భోజనశాల గోడల ఆనవాళ్లు పక్కనే చూపించాడు. నీళ్లు పోయే కాలువలు కూడా.

‘జనవరిలో వచ్చుంటే నాను ఇంత మాటాడగలనా? బళ్లు అదుపు సేయడానికే సరిపోతాది’ అన్నాడాయన. సీజన్ తగ్గాక వెళ్తే దక్కేది ఇదే. మనిషికి తీరిక ఉంటుంది, చెబుతాడు.

మూడో ప్రయత్నం కుర్రాడు నోట్సు తీశాడు. ఇక్కడ శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. ‘శాతవాహనుల కాలంలో విదేశీ వాణిజ్యం’ అని పుస్తకంలో ఎన్నిసార్లు చదివాడో. సముద్రం ఎదురుగా కనిపిస్తుంటే, ఈ కొండ మీదికి రోమ్ డబ్బు ఎలా వచ్చి ఉంటుందో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. మెయిన్స్ జవాబులో ఇలాంటి ఒక్క వాక్యం ఉన్నా దిద్దేవారు ఆగి చదువుతారు.

బావికొండా దగ్గర్లోనే ఉంది. బావుల వల్ల ఆ పేరు. అనకాపల్లి పక్కన శంకరం ఊళ్లో బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. ‘సంఘారామం’ జనం నోట్లో శంకరం అయింది, బుద్ధుడు బొజ్జన్న అయ్యాడు. వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన వ్యావహారిక భాషా ఉద్యమ గిడుగు రామమూర్తి గారే. ఈ సంగతి గుర్తుంటే శాలిహుండం ఏ జిల్లాదో ఇక మర్చిపోరు.

ఇదే వృత్తి చేసుకోవచ్చా?

దారిలో ఇద్దరూ అడిగిన ప్రశ్న ఇది. చేసుకోవచ్చు, కానీ కళ్లు తెరిచి. గ్రేటర్ నోయిడాలోని పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. చరిత్ర, పురావస్తు శాస్త్రం వంటి సబ్జెక్టుల్లో పీజీ చేసినవాళ్లకు అది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ చరిత్ర, పురావస్తు విభాగం ఉంది. అయితే పోస్టులు తక్కువ. అన్నీ వదిలేసి దీని మీదే కూర్చోమని నేను చెప్పను.

గైడ్ పని మాటేమిటి? కేంద్ర పర్యాటక శాఖ ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్’ పేరుతో ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు తెచ్చింది. చేరేముందు అర్హత, ఫీజు వివరాలు అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. ఇంగ్లిష్, హిందీతో పాటు మరో భాష వస్తే గిరాకీ. కానీ ఒక లెక్క మర్చిపోకూడదు. ఫిబ్రవరిలో మనకు హాయిగా అనిపించిన ఆ నిశ్శబ్దం, గైడ్‌కి చేతిలో పని లేని రోజు. మూడు నెలల సంపాదనతో ఏడాదంతా నెట్టుకురావాలి. అందుకని దాన్ని రెండో ఆదాయంగా మొదలుపెట్టడమే నయం.

వెళ్లేవాళ్లు పొద్దున తొమ్మిదిలోపే పైకి చేరుకోండి. నీళ్లు, టోపీ మీరే తీసుకెళ్లాలి. ఆది, సోమవారాలు వద్దు. ఆదివారం జనం, సోమవారం ఆ జనం వదిలిన చెత్త.

మేం ఒంటిగంటన్నరకే ద్వారకానగర్‌లో దిగాం. నసిగినవాడు బస్సు దిగుతూనే టైమ్ చూసుకున్నాడు. ‘ఇంకో అరగంట ఉంది సార్, టీ తాగుదామా?’ అన్నాడు.