ఐరాల బడికి ఏ తెర కావాలి?

ట్యాబులు వచ్చాయి, తరగతి గోడకు పెద్ద డిజిటల్ తెరలు (ప్యానెళ్లు) వచ్చాయి. కంపెనీ వెళ్లిపోయినా పాఠం నిలవాలంటే కొనేముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్ 16న ఆన్‌లైన్ పాఠాల సంస్థ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబరు 21న ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైంది. ఆ పిల్లలు పదో తరగతికి చేరారో లేదో, 2024 జులై 16న బెంగళూరులోని కంపెనీ లా ట్రైబ్యునల్ బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియకు అనుమతిచ్చింది. పబ్లిక్ పరీక్షల ఏడాదిలో పాఠం ఇచ్చిన సంస్థే కష్టాల్లో పడింది.

ఆ పథకంలో ఒక మంచి నిర్ణయమూ ఉంది. పాఠాలను ట్యాబులోనే నింపి ఇచ్చారు కాబట్టి నెట్ లేని ఇంట్లోనూ అవి తెరుచుకున్నాయి. చిత్తూరు జిల్లా ఐరాల లాంటి మండలానికి ఇది ప్రాణం. మండలంలోని కాణిపాకం గుడి దగ్గర అందే సిగ్నల్ ప్రతి పల్లెలోనూ అలాగే అందుతుందని నమ్మి ప్రణాళిక వేయకూడదు.

శ్రీహరికోట చెప్పిన పాఠం

చదువు కోసమే దేశం తయారుచేసుకున్న మొదటి ఉపగ్రహం ఎడ్యుశాట్. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎగిరింది. ఆకాశంలో దాని పని బాగానే సాగింది. నేల మీది ఏర్పాట్లు, పాఠాల తయారీయే వెనకబడ్డాయని 2013లో ప్రభుత్వ ఆడిట్ సంస్థ కాగ్ నివేదిక తప్పుపట్టింది. పరికరం ఒక్కటే చాలదని ఉపగ్రహం చెప్పిన సూత్రమే ఈనాటి ప్యానెల్‌కూ వర్తిస్తుంది.

ముందు గది, తర్వాత పరికరం

కేరళలో ప్రభుత్వ సంస్థ కైట్ 45,000 తరగతి గదులను హైటెక్‌గా మార్చింది. గదికి వైరింగు, భద్రత సిద్ధమయ్యాకే పరికరం పంపింది. అయిదేళ్ల వారంటీ రాయించుకుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడింది, టీచర్లకు శిక్షణ ఇచ్చింది. మనం నేర్చుకోవాల్సింది ఈ వరుసనే. కరెంటు, ఎర్తింగు, యూపీఎస్ చూసుకోవాలి. చెడిపోతే ఎన్ని రోజుల్లో ఎవరొచ్చి బాగుచేస్తారో కాగితం మీద రాయించాలి. సాఫ్ట్‌వేర్ మాట ఆ తర్వాతే.

వర్చువల్ క్లాసుకు ఏది?

వీడియో క్లాసు గంటకు సుమారు ఒక జీబీ డేటా తింటుంది. ఇంటింటా ఫోన్లో చూడమంటే రోజుకూలీ కుటుంబం మోయలేదు. లెక్కల టీచరు లేని బడికి పక్క హైస్కూలు టీచరు పాఠం ఒకే ప్యానెల్ మీద అందితే ఖర్చు ఒక్కసారే. పిల్లల పక్కన పెద్దవారూ ఉంటారు. ఉచిత జూమ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది, అంతకన్నా పొడవైన పీరియడ్ పూర్తికాదు. వీడియో క్లాసుకు బిగ్‌బ్లూబటన్, పాఠాల నిర్వహణకు మూడుల్ లాంటివి లైసెన్సు రుసుము లేనివి, వాటిని ప్రభుత్వమే తన సర్వర్లలో నడుపుకోవచ్చు. అయితే వాటిని నడిపే మనిషిని నియమించాలి, ఆ జీతం బడ్జెట్లో రాయాలి. పాఠాల కోసం 2017 నుంచి కేంద్ర ప్రభుత్వ దీక్ష వేదిక ఉంది. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే ఆ పాఠాలు అందరికీ ఉచితం.

తల్లిదండ్రులు అడగాల్సినవి

కొనుగోళ్లు పైస్థాయిలో జరిగినా, ప్రశ్నించే హక్కు ఊళ్లోని బడి కమిటీకి ఉంది. ఒప్పందం ముగిశాక పాఠాలు మా దగ్గరే ఉంటాయా? పిల్లల వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, ఎప్పుడు చెరిపేస్తారు? పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. పాఠం తెలుగులోనూ వినిపిస్తుందా? మండలంలో ఒక బడిలో కొన్ని నెలలు నడిపి చూశాకే మిగతావాటికి ఇస్తారా?

పరికరం అయిదారేళ్లకు పాతబడుతుంది. పాఠం మీద హక్కు, మరమ్మతుకు హామీ, టీచరుకు శిక్షణ ఉంటే కొత్త పరికరం వచ్చినా చదువు మొదటికి రాదు. అందుకే ఈ మూడూ టెండరులో మొదటి షరతులు కావాలి. ఐరాల కమిటీ వచ్చే సమావేశంలో వీటిని తీర్మానంగా రాసి మండల విద్యాధికారికి (ఎంఈవో) పంపితే, ఆ అడుగు జిల్లా అంతటికీ దారి చూపుతుంది.