పని లాలాగూడలో, సెలవు లష్కరులో

సికింద్రాబాద్ స్టేషన్‌కు తూర్పు వైపున్న లాలాగూడ రైల్వేవాళ్ల పేట. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో ఇక్కడ పెట్టిన వర్క్‌షాపు ఇప్పటికీ నడుస్తోంది. కాలం తీరిన బోగీలు ఇక్కడికొచ్చి పూర్తి మరమ్మతు చేయించుకుని మళ్లీ పట్టాలెక్కుతాయి. పక్కనే ఎలక్ట్రిక్ లోకో షెడ్డు, దక్షిణ మధ్య రైల్వే కేంద్ర ఆసుపత్రి. ఈ మూడింటి వల్ల లాలాగూడకు పని మీద వచ్చే పరాయి ఊళ్లవాళ్లకు ఎప్పుడూ కొదవ లేదు. విజయవాడ నుంచో గుంతకల్లు నుంచో క్యాంపు మీద వచ్చిన ఇంజనీరు, బండి దిగి రన్నింగ్ రూములో నడుం వాల్చే లోకో పైలట్, వైద్యం కోసం వచ్చినవారికి తోడుగా వచ్చిన బంధువు, విడిభాగాలు సరఫరా చేసే కంపెనీ మనిషి... శుక్రవారం పని తెమలక సోమవారం దాకా ఉండిపోవలసి వస్తే వీళ్లందరి చేతిలోనూ రెండు రోజులు మిగులుతాయి.

అలా మిగిలినవాళ్లు సాధారణంగా ఆటో ఎక్కి చార్మినార్‌కు, అక్కడి నుంచి గోల్కొండకు పరుగెడతారు. అవి చూడదగ్గవే. కానీ రెండు రోజుల్లో సగం ట్రాఫిక్‌లోనే కరిగిపోతుంది. లాలాగూడ నుంచి నాలుగైదు కిలోమీటర్లు దాటకుండానే కుతుబ్‌షాహీల కాలం నుంచి నేటిదాకా నగర చరిత్రంతా కనిపిస్తుంది. పైగా ఈ వైపు జనం తొక్కిసలాట తక్కువ.

ఈ ప్రాంతం ఇలా ఎందుకుందో కొంచెం తెలుసుకుని బయల్దేరితే చూసేదానికి అర్థం ఏర్పడుతుంది. 1798లో నిజాం, ఈస్టిండియా కంపెనీల మధ్య సైన్య సహకార ఒప్పందం కుదిరాక కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేశాయి. 1806లో ఆ దండు ఊరికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. జనం నోట మాత్రం అది లష్కరే. వాడీ నుంచి రైలు 1874లో వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపు పట్టాలు ఒక దిక్కున బెజవాడ వైపు, మరో దిక్కున మన్మాడ్ వైపు సాగాయి. బండ్లు పెరిగితే వాటిని బాగుచేసే చోటు కావాలి, పనివాళ్లకు ఇళ్లు కావాలి. అలా వెలిసినవే లాలాగూడ రైల్వే కాలనీలు.

శనివారం సాయంత్రం ఎండ తగ్గాక దక్షిణ లాలాగూడ, ఉత్తర లాలాగూడ వీధుల్లో నడిస్తే చాలు. పెద్ద చెట్లు, పాత క్వార్టర్లు, ఆటస్థలాలు, చర్చిలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడి డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లలో ఆంగ్లో ఇండియన్లు ఎక్కువ. స్వాతంత్ర్యం వచ్చాక చాలా కుటుంబాలు ఇంగ్లండుకూ ఆస్ట్రేలియాకూ తరలిపోయాయి. వర్క్‌షాపు, షెడ్డు లోపలికి అనుమతి లేనిదే పోనివ్వరు. అయితే షెడ్డు ఇంజన్లను చూడటానికి లోపలికే వెళ్లనక్కర్లేదు. ఏ షెడ్డు ఇంజనైతే ఆ షెడ్డు పేరు దాని ఒంటి మీద రాసి ఉంటుంది. లాలాగూడ పేరు మోసుకుని ఇక్కడి డబ్ల్యూఏపీ-7 ఇంజన్లు ఢిల్లీ దాకా తిరుగుతాయి. ఈ పేటకు ఎన్నడూ రానివాళ్లు కూడా ఏదో ఒక ప్లాట్‌ఫారం మీద ఆ పేరు చదివే ఉంటారు.

ఆదివారం పొద్దున్నే ఎక్కవలసింది మౌలాలి గుట్ట. ఎండ ముదిరితే రాయి కాలుతుంది కాబట్టి ఏడింటికే మొదలుపెట్టడం మంచిది. దాదాపు 500 మెట్లెక్కితే పైన దర్గా వస్తుంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో యాకూత్ అనే రాజోద్యోగికి కలలో ఈ గుట్ట మీద హజ్రత్ అలీ కనిపించాడనీ, మర్నాడు వెళ్లి చూస్తే బండ మీద చేతి గుర్తు ఉందనీ ఇక్కడి ఐతిహ్యం. రజబ్ నెల పదిహేడున ఉర్సు జరుగుతుంది. పైనుంచి చూస్తే రైలు పట్టాలు, కాలనీలు, వాటి మధ్య మిగిలిన నల్లరాతి గుట్టలు ఒక్క చూపులో అందుతాయి.

గుట్ట కిందనే మహ్ లకా బాయి సమాధి ఉంది. సగం మంది దీన్ని చూడకుండానే వెనుదిరుగుతారు, అది నిజంగా నష్టం. 1768లో పుట్టిన ఈమె అసలు పేరు చందా బీబీ. రెండో నిజాం, మూడో నిజాం దర్బారుల్లో గాయనిగా, నర్తకిగా, కవయిత్రిగా వెలిగింది. రెండో నిజాం దండయాత్రలకు వెళ్లినప్పుడు వెంట వెళ్లింది కూడా. ఉర్దూలో సొంత దివాన్ (కవితా సంపుటి) వెలువరించిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. 1799లో కంపెనీ అధికారి జాన్ మాల్కమ్‌కు ఆమె స్వయంగా బహూకరించిన ప్రతి నేటికీ లండన్‌లో భద్రంగా ఉంది. తల్లి రాజ్ కన్వర్ బాయి కోసం 1792లో కట్టించిన ఈ తోటలోనే 1824లో ఆమెనూ పూడ్చారు. చాలాకాలం పాడుబడి ఉన్న ఈ కట్టడాన్ని 2011 ప్రాంతంలో బాగుచేశారు.

మహ్ లకా బాయి జాగీరు అడిక్‌మెట్ వైపు ఉండేది. తర్వాతి మజిలీ కూడా ఆ వైపే. తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళితే ఆర్ట్స్ కాలేజీ భవనం ఎదురవుతుంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఈ విశ్వవిద్యాలయానికి ఈ గులాబీ రంగు గ్రానైట్ భవనం 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా ఇచ్చాడు. స్తంభాలు గుడి మండపాలను తలపిస్తాయి, ఎత్తయిన ప్రవేశద్వారం మాత్రం మసీదు కమానును గుర్తుచేస్తుంది. 1969లోనూ 2009లోనూ తెలంగాణ ఉద్యమ విద్యార్థులు గుమిగూడింది ఈ మెట్ల ముందే. ఆదివారం తరగతులుండవు కాబట్టి భవనం చుట్టూ తీరిగ్గా తిరగవచ్చు.

మధ్యాహ్నం తర్వాత లష్కరు. లాలాగూడకు దగ్గరి మెట్రో స్టేషను మెట్టుగూడ. అక్కడ ఎక్కితే తర్వాతి స్టేషనే సికింద్రాబాద్ ఈస్ట్. 1897నాటి గడియార స్తంభం, 1850లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చి, మోండా మార్కెట్, అన్నీ అటూ ఇటూ నడకలోనే. సందు మొదట్లో ఇరానీ హోటలు కనిపిస్తే ఆగి ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకోవాలి. అల్లం చాయ్ అడిగితే మాత్రం వెయిటర్ వింతగా చూస్తాడు.

లష్కరులో పని మీద వచ్చినవాళ్లు ప్రత్యేకంగా చూడవలసింది ఉజ్జయిని మహంకాళి గుడి. దీని పుట్టుకే ఒక ఉద్యోగ ప్రయాణం. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్యను 1813లో ఉజ్జయినికి పంపారు. అప్పుడు కలరా ఊళ్లను తుడిచిపెడుతోంది. అంటువ్యాధి తగ్గితే సొంత ఊళ్లో అమ్మవారిని నిలుపుతానని అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. తిరిగొచ్చి 1815లో కర్రతో చేసిన అమ్మవారి విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. ఆషాఢంలో లష్కర్ బోనాలు జరిగే ఆదివారమైతే గుడి చుట్టుపక్కల వీధుల్లో కాలు పెట్టే సందుండదు, వాహనాలను రానివ్వరు. మర్నాడు సోమవారం రంగం. పచ్చికుండ మీద నిలబడి జోగిని భవిష్యవాణి చెబుతుంది. ఆదివారం రాత్రి బండికే టికెట్టు తీసుకున్నవాళ్లకు ఆ భాగ్యం ఉండదు.

తోటలూ చెట్లూ ఇష్టపడేవాళ్లు లష్కరుకు బదులు బొల్లారం రాష్ట్రపతి నిలయానికి వెళ్లవచ్చు. 1860లో కట్టిన ఈ భవనం బ్రిటిష్ రెసిడెంటు విడిది. 90 ఎకరాల ఆవరణను 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా జనానికి తెరిచి ఉంచుతున్నారు, సోమవారం సెలవు. లాలాగూడ గేట్ స్టేషను బొల్లారం లైను మీదే ఉంది. ఆదివారం రైళ్ల వేళలు మాత్రం ముందే చూసుకోవాలి.

ఇంత చెప్పినా పాతబస్తీ చూడకుండా వెళ్లలేమనేవాళ్లుంటారు. వాళ్లు శనివారాన్ని అందుకు కేటాయించుకోవడం మేలు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, శనివారం తెరిచే ఉంటుంది. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఆదివారమే అబిడ్స్‌కు వెళ్లాలి. ఆ రోజు మూసిన దుకాణాల ముందు కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారు. బేరమాడే ఓపిక ఉంటే సంచి నిండుతుంది.

తిరుగు ప్రయాణానికి ఒక జాగ్రత్త. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం మొదలయ్యాక కొన్ని బండ్లు ఇతర స్టేషన్లకు మారాయి. 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ వాటిలో ముఖ్యమైనది. అది మౌలాలి దాటాక వస్తుంది, లాలాగూడ నుంచి మరీ దూరం కాదు. కానీ సికింద్రాబాద్ వెళ్లి నిలబడ్డాక బండి చర్లపల్లిలో ఉందని తెలిస్తే అందుకోవడం కష్టం. టికెట్టు మీద ఏ స్టేషను రాసి ఉందో బయల్దేరే ముందు ఒకసారి చదువుకోవాలి.