చెడినా చెరుపు చెయ్యని యంత్రం

నిన్న మీ అమ్మమ్మ కుక్కర్లో నీళ్ళు తక్కువ పోసింది, గుర్తుందా చిన్నీ? విజిల్ రాలేదు గానీ, మూత పక్కనున్న సేఫ్టీ వాల్వు బుస్సుమంది. అందులో వేడి హద్దు దాటగానే కరిగిపోయే లోహం ఉంటుంది. పప్పు మాడింది, కుక్కరు మాత్రం పేలలేదు. పొద్దున జనరల్ బజార్లో కొత్త వాల్వు తెచ్చి బిగించాను. మధ్యాహ్నానికి మళ్ళీ పప్పు ఉడికింది.

మంచి యంత్రం గుణాలు రెండూ అందులోనే ఉన్నాయమ్మా. చెడితే క్షేమం వైపే చెడాలి. చెడిన ముక్కను ఇట్టే మార్చుకోగలగాలి.

మన సికింద్రాబాదులో ఇరిసెట్ ఉంది కదా, 1957 నుంచి రైల్వే సిగ్నళ్ళ వాళ్ళు చదువుకునే చోటు. ఆ సిగ్నళ్ళ పనికి ప్రాణం, క్షేమం వైపే చెడాలన్న ఈ సూత్రమే. సిగ్నల్ రిలేలో కరెంటున్నంతసేపు అయస్కాంతం ఒక పలకను లాగి పట్టుకుంటుంది. తీగ తెగిందా, పలక తన బరువుకి తానే కిందికి పడుతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. భూమి ఆకర్షణకు ఏనాడూ కరెంటు కోత ఉండదు!

సిగ్నళ్ళు నడిపే కంప్యూటరు మాత్రం అలా కాదు. అది ఎటువైపు చెడుతుందో ముందే చెప్పలేం. అందుకే ఒక్కదాన్నే నమ్మరు. మూడింటికి ఒకే లెక్క ఇస్తారు. రెండింటి జవాబు కలిస్తేనే పచ్చదీపం. ఏ రెండూ కలవకపోతే ఎరుపే. తేడా చెప్పిన కంప్యూటరు కార్డును లాగేసి, కొత్తది దోపుతారు. ఏ క్షణాన ఏం జరిగిందో డేటా లాగర్ రాసిపెడుతుంది గనక, మనిషి చీకట్లో తడుముకోనక్కర్లేదు.

రైళ్ళు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’, మన దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షలు జరుపుకున్నది, ఈ కోవలోదే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఒకదాంట్లో ఎక్కారు. ఇంకా 380 మీటర్ల దూరం ఉండగానే ఇంజన్లు తమంతట తామే ఆగాయి. దానికి పెట్టిన భద్రతా ప్రమాణం ఎంత కఠినమో తెలుసా? ప్రమాదానికి దారితీసే తప్పు 10 కోట్ల గంటల్లో సగటున ఒక్కటి కూడా రాకూడదు. అంటే 11,000 ఏళ్ళు దాటిపోతుంది!

రేపు నువ్వు ఏ ప్రోగ్రామ్ రాసినా మొదట రెండు ప్రశ్నలు వేసుకో తల్లీ. ఇది చెడితే ఎటు ఒరుగుతుంది? అర్ధరాత్రి వానలో టార్చి పట్టుకుని వచ్చే మనిషికి, చెడింది ఏదో కనబడుతుందా?