రోజుకు 2 గంటలు, మొత్తం 8,760

హుషారైన నాటు కుక్కను ఉదయం ఓ గంట, సాయంత్రం ఓ గంట బయట తిప్పాలి. ఇంటిపట్టున బాగా చూసుకుంటే అది 12 ఏళ్లు బతకడం మామూలే. లెక్క కడితే 8,760 గంటలు. రాత్రీ పగలూ కలిపి సరిగ్గా ఒక ఏడాది. కొన్నాళ్లు ఫోస్టర్‌కి తెచ్చుకున్న కుక్కను మనమే ఉంచేసుకుందామన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు ముందు తేలాల్సిన లెక్క ఇది. ఆ గంటలు ఎవరివో కూడా అప్పుడే తేలాలి. ఉంచుకుందామని చేతులెత్తేది నలుగురూ, నాలుగో నెల నుంచి తాడు పట్టుకుని తిరిగేది అమ్మ ఒక్కతే అయ్యే ఇళ్లు తక్కువేం కాదు.

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు దాదాపు 1.53 కోట్లు. దెబ్బ తగిలో, జబ్బు చేసో రెస్క్యూ చేసినవాటికి షెల్టర్లలో చోటు సరిపోదు కాబట్టే ఫోస్టర్ ఇళ్లు కావాలి. చోటు ఒక్కటే కాదు, కుక్కకు కుదురు కూడా దొరుకుతుంది. అమెరికాలో 5 షెల్టర్లలోని 207 కుక్కలపై చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. ఒకటి రెండు రాత్రులు ఎవరింట్లోనైనా పడుకున్న కుక్కల్లో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ తగ్గింది, తిరిగి షెల్టర్‌కి రాగానే పాత స్థాయికి చేరింది. బోనులో గిరగిరా తిరుగుతూ కడ్డీలు కొరికే కుక్కను చూసి, దాని స్వభావమే అంత అనుకోవడానికి వీల్లేదన్నమాట.

అలాగని ఇంటికొచ్చిన మొదటి వారాల్లో కనిపించేదీ పూర్తి నిజం కాదు. షెల్టర్ల వాళ్లు 3 రోజులు, 3 వారాలు, 3 నెలలు అని ఓ లెక్క చెబుతారు. శాస్త్రం కాదుగానీ, పనికొచ్చే కొలత. మూడు రోజులు మంచం కిందే ఉంటుంది. మూడు వారాలకు బిస్కెట్లు ఏ అలమరలో ఉన్నాయో కనిపెడుతుంది. అసలు కుక్క బయటపడేది మూడో నెలలో. చిక్కేమిటంటే, మనం నిర్ణయం తీసుకునేది చాలావరకు ఆ మధ్యలోనే.

మన ఊళ్లలో దీనికి ఇంకో మెలిక ఉంది: పిడుదు జ్వరం. వీధిలో పెరిగిన కుక్కల్లో ఇది బాగా ఎక్కువ. రక్తం తగ్గి, నీరసంగా ఓ మూల పడుకుని ఉంటే ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని మురిసిపోతాం. డాక్టర్ రక్తపరీక్ష చేయించి డాక్సీసైక్లిన్ రాస్తారు, సాధారణంగా 28 రోజుల కోర్సు. అది పూర్తయ్యేసరికి ఆ బుద్ధిమంతురాలు సోఫా మీంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి సోఫా మీదికి దూకుతుంటుంది. నన్నడిగితే మందుల కోర్సు అయ్యాక కనీసం నెల రోజులు చూడకుండా దత్తత కాగితం మీద సంతకం పెట్టకూడదు.

హుషారు ఎక్కువైతే ఇంకాస్త పరిగెత్తించమని అందరూ సలహా ఇస్తారు. గంట పరుగును గంటన్నర చేస్తే వచ్చేది గంటన్నర పరిగెత్తే ఒంటిసత్తువ. ఎదిగిన కుక్క రోజుకు 12 నుంచి 14 గంటలు నిద్రపోవాలి. ఎగిరెగిరి పడే కుక్కల్లో చాలావాటికి కరవైంది పరుగు కాదు, ఆ నిద్ర. పాత దుప్పటి ముడులు వేసి, ఒక్కో ముడిలో ఉడికించిన గుడ్డు ముక్క దాచి ముందు పడేయండి. ముక్కు లోపలికి దూర్చి, బుసలు కొడుతూ, ఒక ముడి విప్పలేక కాలితో తొక్కిపట్టి లాగుతుంది. ఓ పావుగంటయ్యాక అదే దుప్పటి మీద ఒరిగిపోతుంది. వాకింగ్‌లోనూ అంతే, ప్రతి స్తంభం దగ్గరా ఆగి వాసన చూడనివ్వండి. మీ స్టెప్ కౌంట్ తగ్గితే తగ్గింది.

ఎండాకాలంలో ఆ రెండు గంటల వేళలు కూడా మారతాయి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్, 106 దగ్గర ప్రాణం మీదికొస్తుంది. మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చి చల్లబడాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్, విజయవాడ తారురోడ్ల మీద సాయంత్రం 6కి కూడా అరికాళ్లు కాలతాయి. మన అరచేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే వాకింగ్ వాయిదా. ఆఫీసుకు వెళ్లేవాళ్లు తెల్లవారుజామున 5కి లేవగలరో లేదో ముందే తేల్చుకోవాలి.

ఇక తిండి. వెటర్నరీ డాక్టర్లు వాడే సూత్రం ప్రకారం 18 కిలోల కుక్కకు ఊరికే పడి ఉండటానికే సుమారు 610 కేలరీలు కావాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషనై మామూలుగా తిరిగేదానికి అందులో 1.6 రెట్లు, అంటే దాదాపు 980. వట్టి అన్నంతో అంత ఇవ్వాలంటే ముప్పావు కిలో పెట్టాలి. అయినా అందులో ప్రొటీన్ 20 గ్రాములే, కావాల్సింది సుమారు 44. పెరుగన్నంతో పొట్ట నిండుతుందిగానీ కండ నిలవదు. గుడ్లు, చికెన్ ఖర్చు కలుపుకునే నెల బడ్జెట్ వేయాలి. శిక్షణకిచ్చే చిరుతిళ్లు మొత్తంలో పదో వంతు మించకూడదు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గొడవ చేస్తే భయపడక్కర్లేదు. మెజారిటీ తీర్మానంతోనైనా పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అయితే మన బాధ్యతా పెరిగింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల దత్తతకు మున్సిపాలిటీలో దరఖాస్తు చేసుకోవచ్చంటూనే, తీసుకున్న కుక్క మళ్లీ వీధికెక్కకుండా చూసే పూచీ దరఖాస్తుదారుదేనంది.

లెక్క కుదరకపోతే వద్దనుకోవడంలో తప్పేం లేదు. షెల్టర్ కుక్క కొద్దిరోజులు ఎవరింట్లోనైనా ఉండొస్తే దానికి ఇల్లు దొరికే అవకాశం 14 రెట్లు పెరిగిందని 2023 నాటి మరో అమెరికా అధ్యయనం చెప్పింది. ఆ తర్వాత వచ్చే కుటుంబానికి మీరివ్వాల్సింది ఓ కాగితం: ఎన్నింటికి లేస్తుంది, ఎంతసేపు ఒంటరిగా ఉండగలదు, పిల్లిని చూస్తే తాడు ఎంత గట్టిగా లాగుతుంది, కుక్కర్ విజిల్‌కి ఎక్కడ దాక్కుంటుంది, రేబిస్ టీకా మళ్లీ ఏ నెలలో వేయించాలి.