హార్బరు ప్రక్క ఇల్లు, మంచంలో రోగి: సునామీ హెచ్చరిక వస్తే ఏమి చేయాలి?

పక్షవాతంతో మా వార్డులో ఉన్న ఒక పెద్దమ్మను డిశ్చార్జి చేసే రోజున ఆమె కోడలికి ఇంటి దగ్గర చేయవలసిన సేవ గురించి చెబుతున్నాను. రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పడం, యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం అన్నీ శ్రద్ధగా విన్నది. ఆఖరున అడిగింది: "సిస్టరమ్మా, మా ఇల్లు హార్బరు గోడ ప్రక్కనే. మళ్ళీ సునామీ అంటే మా ఆయన, మరిది బోటు దగ్గరికే పరుగెత్తుతారు. అత్తను నేనొక్కదాన్ని ఎలా మోసేది?"

వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. మీలో చాలామంది తీరంలోని ఊళ్ళ నుండి రోగులను తీసుకొస్తున్నారు కనుక ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ రాస్తున్నాను.

2004 డిసెంబరు 26, క్రిస్మస్ మరునాడు, ఆదివారం. మన సమయం ప్రకారం ఉదయం ఆరున్నరకు సుమత్రా దీవి దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు రెండున్నర గంటల తరువాత అలలు మన తీరాన్ని తాకాయి. ఆంధ్రప్రదేశ్‌లోనే వందమందికి పైగా చనిపోయారు. ఆ రెండున్నర గంటలలో మనకు ఒక్క మాట కూడా చెప్పినవారు లేరు, ఎందుకంటే అప్పటికి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక ఏర్పాటే లేదు. 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఇప్పుడు కబురు వస్తుంది. కబురు వచ్చాక మనం ఏమి చేస్తామన్నదే మిగిలిన సంగతి.

సునామీ జపాను మాట. 'సు' అంటే రేవు, 'నామి' అంటే అల. నడి సముద్రంలో ఈ అల విమానమంత వేగంతో పోయినా ఎత్తు మీటరు కూడా ఉండకపోవచ్చు, పైన ఉన్న బోటుకు తెలియనే తెలియదు. లోతు తగ్గేకొద్దీ అది నెమ్మదించి పైకి లేస్తుంది. అందుకే సముద్రంలో వేటకు పోయిన జాలరులకు ఏమీ తెలియకుండానే వారి రేవు తుడిచిపెట్టుకుపోయేదట. ఆ పేరు అలా వచ్చిందని చెబుతారు.

రేవులో ఇంకొక ప్రమాదం ఉంది. అల చిన్నదైనా, ఇరుకైన ముఖద్వారం గుండా నీరు లోపలికి దూసుకొచ్చి, అంతే వేగంగా బయటకు లాగుతుంది. ఇది గంటల తరబడి జరుగుతుంది. తాళ్ళు తెగిన బోట్లు ఒకదానినొకటి గుద్దుకుంటాయి, వాటి మధ్య మనిషి పడితే ఈత వచ్చినా ప్రయోజనం లేదు. డీజిలు నీటి మీద పరచుకుంటుంది. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు ఒక బోటు నుండి మరొక బోటుకు ఎలా అంటుకున్నాయో మీరు వినే ఉంటారు. బోట్లు అంత దగ్గరగా కట్టి ఉంటాయి.

ఇన్‌కాయిస్ ఇచ్చే కబురులో మూడు స్థాయిలు ఉంటాయి. 'వార్నింగ్' అంటే తీరం విడిచి లోపలికి, ఎత్తైన చోటికి వెళ్ళాలి. 'అలర్ట్' అంటే బీచికి, పల్లపు చోట్లకు పోకూడదు. 'వాచ్' అంటే కంగారు పడకుండా తరువాతి కబురు కోసం కనిపెట్టుకొని ఉండాలి. మొదటి రెండింటిలోనూ బోట్లు లోతు సముద్రానికి పోవాలని ఉంటుంది. ఇక్కడే మన మగవారు పొరబడతారు. వేటలో ఉన్న బోటుకు ఆ మాట సరిగ్గా సరిపోతుంది; అది ఒడ్డుకు రాకూడదు, లోతులోనే ఉండాలి. జెట్టీకి కట్టి ఉన్న బోటు సంగతి వేరు. మన హార్బర్లు కొన్ని ఏటి మొగల దగ్గర ఉన్నాయి. ఇసుక మేట వేసిన చోట పోటు ఉన్నప్పుడే పెద్ద బోటు దాటుతుంది. అందరూ ఒకేసారి బయలుదేరితే మొగలోనే ఇరుక్కుంటారు, అల వారికి అక్కడే ఎదురవుతుంది. కబురు ఊరికి చేరేసరికే కొంత సమయం పోతుంది. చేతిలో గంట మాత్రమే ఉన్నదనుకొని లెక్క వేసుకోవడం మంచిది. ఆ గంటలో బోటు బయటకు తీయగలమా అన్నది హార్బరు అధికారులు, బోటు యజమానుల సంఘం, సరంగులు ముందుగానే కూర్చుని తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే బోటు వదిలేయవలసిందే. ఎంత అప్పు చేసి కొన్నారో నాకు తెలియక ఈ మాట అనడం లేదు.

ఇక ఇంట్లో రోగి. నలుగురు మనుషుల పేర్లు ముందే అనుకోండి. ఇంట్లో లేకపోతే ప్రక్కింటివారిని అడగండి, ఎవరూ కాదనరు. గట్టి దుప్పటి రోగి క్రింద పరచి, అంచులు రోగి ఒంటి దగ్గర వరకు చుట్టి, భుజాల దగ్గర ఇద్దరు, తుంటి దగ్గర ఇద్దరు పట్టుకొని ఒకేసారి లేపాలి. తల కొంచెం ఎత్తుగా ఉండాలి. ముక్కు గొట్టం ఉన్నవారికి లేపే ముందు ఆహారం పోయకండి, ఊపిరితిత్తులలోకి పోతుంది. యూరిన్ బ్యాగును ఖాళీ చేసి, నడుము కంటే క్రిందుగా ఉంచండి; చాలామంది దానిని రోగి పొట్ట మీద పెడతారు, అప్పుడు మూత్రం వెనక్కి పోయి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఒక ప్లాస్టిక్ కవరులో వారం రోజుల బిళ్ళలు, ఇన్సులిను, ఓపీ చీటీ పెట్టి తలుపు వెనుక మేకుకు తగిలించండి. నెలలు నిండిన గర్భిణులు ముందుగా బయలుదేరాలి.

హార్బరు రోడ్డు ఇరుకు. ఆటో కోసం చూడకుండా నడవండి. తుపాను షెల్టరు పై అంతస్తు దగ్గరగా ఉంటే అక్కడికి, లేకపోతే ఊరి లోపలికి. ఒకసారి ఆదివారం సాయంత్రం ఖాళీ మంచం మీద ఎవరినైనా పడుకోబెట్టి మోసి, ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. నవ్వులాట అయినా ఫరవాలేదు. ఒడిశాలో గంజాం జిల్లా వెంకటరాయపురం ఇలా అభ్యాసాలు చేసే 2020లో యునెస్కో నుండి 'సునామీ రెడీ' గుర్తింపు పొందింది.

చేరాక తొందరపడి తిరిగి రావద్దు. 1964లో అలాస్కా భూకంపం తరువాత అమెరికాలోని క్రెసెంట్ సిటీ రేవులో మొదటి అలలు తగ్గగానే కొందరు దుకాణాలు శుభ్రం చేసుకోవడానికి వెళ్ళారు. నాలుగవ అల అన్నిటికంటే పెద్దది. వారిలో కొందరు తిరిగి రాలేదు. రెండు అలల మధ్య పది నిమిషాలు కావచ్చు, గంట కావచ్చు. అధికారులు చెప్పేవరకు పైనే ఉండండి. ఒక్కోసారి అల రాకపోవచ్చు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 భూకంపానికి హెచ్చరిక ఇచ్చారు, పెద్ద అల రాలేదు. ఆ రోజు నడిచినవారు ఏమీ పోగొట్టుకోలేదు.

నీరు మ్రింగినవారు, నీటిలో మునిగి లేచినవారు బాగానే కనబడినా ఆసుపత్రికి తీసుకురండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరువాత మొదలు కావచ్చు. చిన్న గాయమైనా బురద తగిలితే కడిగి, టీటీ ఇంజెక్షను వేయించండి.

ఆ కోడలు మరుసటి నెల చూపించుకోవడానికి అత్తతో పాటు మరిదిని కూడా తీసుకొచ్చింది. ఓపీ చీటీ వెనుక నాలుగు పేర్లు రాసి ఉన్నాయి, మొదటిది అతనిదే. దుప్పటి ఎలా చుట్టాలో మళ్ళీ చూపించమన్నాడు. చూపించాను.